టీడీశాట్

పేరు వింటే ఏదో ఉపగ్రహం అనిపిస్తుంది. కాదు, కోర్టులాంటిదే. టెలికాం డిస్ప్యూట్స్ సెటిల్‌మెంట్ అండ్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు పొట్టిపేరు. ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) చట్టాన్ని 2000లో సవరించి దీన్ని ఢిల్లీలో పెట్టారు. లైసెన్సు ఫీజుపై కేంద్రానికీ కంపెనీకీ పేచీ వచ్చినా, రెండు కంపెనీలు కాల్ ఛార్జీల లెక్క దగ్గర తగువుపడ్డా, ట్రాయ్ ఆదేశం మింగుడుపడకపోయినా టెలికాం లాయర్లు ఎక్కే గడప ఇదే. చట్టం ఒక్కటే తెలిస్తే ఇక్కడ చాలదు, స్పెక్ట్రం లెక్కలూ రావాలి. అప్పీలు సుప్రీంకోర్టుకే.

మరి కామారెడ్డి జిల్లా నస్రుల్లాబాద్‌లో ఒకరికి ఫోన్ బిల్లు తప్పుగా వస్తే? ఢిల్లీ రైలెక్కక్కర్లేదు. విడి వినియోగదారుడి ఫిర్యాదు టీడీశాట్ పని కాదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. ఆ దారి ఉందా లేదా అని ఏళ్లపాటు నలిగిన సందేహాన్ని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో వొడాఫోన్ ఐడియా కేసులో తీర్చింది. ముందు కంపెనీకే ఫిర్యాదు చేసి, ఆ ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి.