రెండు రోజులకే ఏడాది పూర్తి!

శేరిలింగంపల్లి: హైటెక్‌ సిటీలో రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చే ఉద్యోగి తలెత్తి చూస్తే, దీపాల వెలుగే తప్ప చుక్కలు అంతగా కానరావు. ఆ వెలుగుకు ఆవల, భారత్‌ పేరుపెట్టిన ఓ నక్షత్రం, దాని చుట్టూ తిరిగే మహాగ్రహం ఉన్నాయి.

అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య శతవార్షికోత్సవ వేళ 2019లో ఆ నక్షత్రానికి ‘బిభా’, గ్రహానికి ‘సంతమస’ అని నామకరణం జరిగింది. కాస్మిక్‌ కిరణాలపై పరిశోధించిన బిభా చౌధురి స్మృత్యర్థం మొదటి పేరు పెట్టారు. టాటా మౌలిక పరిశోధన సంస్థలో చేరిన తొలి మహిళా శాస్త్రవేత్త ఆమె. 1991లో మరణించారు. జీవించి ఉండగా పెద్ద పురస్కారాలేవీ దక్కలేదు. ఆ సంస్థ ప్రాంగణం ఒకటి ఐటీ కారిడార్‌కు చేరువలోని గోపనపల్లిలో ఉంది.

సంతమస అంటే కమ్ముకున్న చీకటి. వాతావరణం మబ్బుపట్టి ఉంటుందన్న భావనతో ఆ పేరు ఎంచుకున్నారు. దీని ద్రవ్యరాశి మన గురుగ్రహానికి సుమారు ఒకటిన్నర రెట్లు. సూర్యుణ్ని చుట్టిరావడానికి గురుడికి దాదాపు 12 ఏళ్లు పడితే, సంతమసకు తన నక్షత్రాన్ని చుట్టడానికి రెండు రోజుల మూడు గంటలు చాలు. నక్షత్రానికి అంత దగ్గరగా ఉన్నందున అక్కడ విపరీతమైన వేడి.

గ్రహాన్ని నేరుగా చూసినవారు లేరు. దాని ఆకర్షణకు నక్షత్రం స్వల్పంగా ఊగుతుంది. లింగంపల్లి స్టేషన్‌లో దగ్గరయ్యే రైలు కూత హెచ్చుగా, దాటిపోయాక తగ్గుగా వినిపించినట్లే, ఆ ఊగిసలాటకు నక్షత్ర కాంతి ఓమారు నీలం వైపు, మరోమారు ఎరుపు వైపు జరుగుతుంది. ఆ తేడాను కొలిచే 2006లో గ్రహాన్ని గుర్తించారు.

బిభా మామూలు కంటికి కనిపించదు. టెలిస్కోపుతో వెతకాలన్నా చీకటి ఆకాశం ఉంటేనే సులువు. కాంతి పేరున్న ఆ చుక్కను చూడాలంటే నగరం తన కాంతిని కొంత తగ్గించుకోవాల్సిందే.