నీళ్లెన్నో... ఆవులన్ని!

ఇంట్లో పాడి ఉన్న ఇల్లాలికి ఒకరు చెప్పక్కర్లేదు. కుడితి తొట్టి ఎండకూడదు, గడ్డివాము మళ్లీ వానలు పడేదాకా రావాలి. రెండు గేదెలకే ఇంత లెక్క! మరి లక్షల ఎకరాలూ, వేలకు వేల పశువులూ ఉంటే? అంత లెక్కా ఒక్కసారిగా నెత్తిన పడిన ఒక ఇల్లాలి కథ ఇది.

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రపు దక్షిణ భాగంలో 'కింగ్ రాంచ్' ఉంది. రాంచ్ అంటే పశువుల్ని మేపే పెద్ద క్షేత్రం. దీని విస్తీర్ణం 8,25,000 ఎకరాలు. మన గోవా రాష్ట్రం కంటే కాస్త చిన్నది, అంతే!

పడవల కెప్టెన్ రిచర్డ్ కింగ్ 1853లో శాంటా గెర్ట్రూడిస్ వాగు దగ్గర 15,500 ఎకరాలు కొని దీన్ని మొదలుపెట్టాడు. మాడిపోయే ఎండల్లో వాగు ఉన్న చోటే బంగారం. మరుసటి ఏడాది కరువుతో అల్లాడుతున్న ఒక మెక్సికో గ్రామంలో పశువుల్ని కొన్నాడు. పశువులు పోతే ఆ జనం బతికేదెలా? వాళ్లకీ పని ఇస్తానన్నాడు. ఊరు ఊరంతా మూటాముల్లె సర్దుకుని వచ్చేసింది. వాళ్ల సంతతి తరతరాలుగా ఆ రాంచ్‌ని నమ్ముకునే బతికింది.

ఆ 1854లోనే ఫాదిరీగారి అమ్మాయి హెన్రియెట్టాని పెళ్లాడాడు.

అత్త ఆస్తి, అల్లుడి తోడు

1885లో కింగ్ చనిపోయాడు. ఆస్తంతా భార్య పేర రాశాడు. ఆమెకప్పుడు 52 ఏళ్లు. చేతికొచ్చినవి 5 లక్షల ఎకరాలు, వాటితో పాటు 5 లక్షల డాలర్ల అప్పు! చాలదన్నట్టు 1886 నుంచి ఏళ్ల తరబడి కరువు.

రోజువారీ పనులకు లాయరు రాబర్ట్ క్లెబర్గ్‌ను మేనేజరుగా పెట్టుకుంది. అతనే 1886లో చిన్నకూతుర్ని పెళ్లాడి అల్లుడయ్యాడు. 'అత్త సొమ్ము అల్లుడు దానం' అని మనకో సామెత ఉంది కదా... ఇక్కడ మాత్రం అది తిరగబడింది. అప్పంతా తీరింది. 1895 నాటికి భూమి ఆరున్నర లక్షల ఎకరాలైంది.

అసలు కిటుకు ఎక్కడ?

అంత పెద్ద బీడులో పశువు మేసేది గడ్డి ఉన్న చోటంతా కాదు, నీటికి నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే. నీళ్లు ఒక్క చోటే ఉంటే మంద అంతా అక్కడే మూగుతుంది. చుట్టూ నేల బోడిగుండవుతుంది. దూరాన గడ్డి మోకాలెత్తున్నా దండగే. అందుకే భూమిని కంచెలతో గళ్లుగళ్లుగా విడదీసి, నీటి తొట్లను అక్కడక్కడా పెడతారు. ఒక గడిలో మేశాక మందను ఇంకో గడిలోకి తోలతారు. గడ్డిని వేళ్ల దాకా మేయనివ్వరు. సగం మేత పశువుకి, సగం నేలకి అన్నది వాళ్ల లెక్క. మిగిలిన ఆ సగమే వాన నీటిని ఆపి నేలలోకి ఇంకిస్తుంది. వాన ముఖం చాటేస్తే గడ్డి అయిపోయేదాకా ఆగరు, ముందే కొన్ని పశువుల్ని అమ్మేస్తారు. ఎంత మనసు చిక్కబట్టుకోవాలో చూడండి!

వాగులే నమ్ముకుంటే లాభం లేదని కరువు నేర్పింది. 1899లో క్లెబర్గ్ తవ్వించిన లోతైన బోరులోంచి నీళ్లు వాటంతటవే పైకి ఉబికాయి. భూమి పొరల మధ్య ఒత్తిడిలో ఉన్న నీరది. ఆ నీటి అండ చూసుకునే, రైలు వచ్చాక 1904లో హెన్రియెట్టా ఇచ్చిన స్థలంలో కింగ్స్‌విల్ పట్టణం వెలిసింది. అయితే పాతాళగంగకైనా హద్దుంటుంది. బోర్ల మీద బోర్లు వేస్తే ఒత్తిడి తగ్గి నీళ్లు కిందికి దిగిపోతాయి. ఆ మాట మన రాయలసీమ ఆడపడుచులకు వేరే చెప్పాలా?

మన తుమ్మ, మన ఒంగోలు

వాళ్లకింకో బెడద మెస్కీట్ ముళ్లచెట్టు. మన సర్కారు తుమ్మకు దగ్గర చుట్టం. ఆవులు కాయలు తిని, పేడతో గింజల్ని ఊరంతా చల్లుతాయి. గడ్డి నేల కాస్తా ముళ్లపొదైపోతుంది. పైపైన నరికితే మళ్లీ చిగురిస్తుంది కనక, వేళ్లను నేల లోపలే కోసే పెద్ద నాగళ్లు వాడారు.

ఎండకు తట్టుకునే పశువు కోసం షార్ట్‌హార్న్ అనే విదేశీ జాతినీ, బ్రాహ్మన్ జాతినీ కలిపి 'శాంటా గెర్ట్రూడిస్' అనే కొత్త జాతిని తయారుచేశారు. 1940లో దానికి ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. ఆ బ్రాహ్మన్ ఎవరనుకున్నారు? మన దేశపు పశువుల సంతానమే! గిర్, గుజరాత్ జాతులతో పాటు అందులో మన ఒంగోలు రక్తమూ ఉంది. అక్కడ దాన్ని నెల్లూరు జాతి అంటారు.

హెన్రియెట్టా 1925లో, 92వ ఏట కన్నుమూసింది. దాదాపు 200 మంది పశువుల కాపర్లు గుర్రాల మీద వచ్చి, సమాధి చుట్టూ తిరిగి ఆమెకు వీడ్కోలు పలికారు.

గోవా అంత క్షేత్రమైనా, పెరట్లో రెండు గేదెలైనా సూత్రం ఒక్కటే. తొట్టిలో నీళ్లెన్నో చూసుకుని పశువుల్ని కట్టుకోవాలి. కట్టుకున్నాక నీళ్లకోసం వెతుక్కుంటే కన్నీళ్లే మిగులుతాయి.