మిరపకల్లంలో మామ్మ ఫొటో

మన గుంటూరు, ప్రకాశం వైపు కల్లాల్లో మిరపకాయలు ఆరబోశారంటే అందరి ఫోన్లూ బయటికొస్తాయి. గ్యాలరీలో బ్రహ్మాండంగా ఉన్న ఫొటో వాట్సాప్‌లో పంపేసరికి మిరప రాశి ఎర్రటి ముద్ద అయిపోతుంది. తొడిమలు తీసే మామ్మ మొహం మైనం బొమ్మలా నున్నగా మారిపోతుంది.

ఎందుకంటే జేపెగ్ ఫొటోని 8×8 పిక్సెళ్ళ గళ్ళుగా విడగొట్టి, సన్నని వివరాలనే ముందు వదిలేస్తుంది. ముడతలు పోయేది అక్కడే. దీని వెనకున్న లెక్క డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్. 1974లో దాన్ని ప్రచురించిన ముగ్గురిలో ఒకరు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివిన కె.ఆర్. రావు గారు. ఇక రంగు సంగతి: మన కన్ను వెలుగునీడల్ని పట్టినంత బాగా రంగుల్ని పట్టదు కాబట్టి, చాలాసార్లు నాలుగు పిక్సెళ్ళకు కలిపి ఒకే రంగు సమాచారం ఉంచుతారు. ముదురు ఎరుపు అంచులు అలుక్కుపోయేది అందుకే.

నేను చేసేది ఇదీ. ఒరిజినల్ ముట్టుకోను, కాపీ మీదే పని. క్రాప్, వెలుతురు అన్నీ సరిచేశాక ఒక్కసారే సేవ్ చేస్తా; సేవ్ చేసిన ప్రతిసారీ కొంత పోతుంది. ఎరుపు అసలు పెంచను. ఇన్‌స్టాకైతే 1080×1350కి నేనే తగ్గించి, ఆ తర్వాతే కాస్త షార్పెన్ చేస్తా. కలర్ ఎస్ఆర్‌జీబీ, క్వాలిటీ 85 దగ్గర. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపుతా. స్క్రీన్‌షాట్ మాత్రం వద్దు.

పెద్దవాళ్ళు పోయాక ఫ్రేము కట్టిద్దామంటే చాలా ఇళ్ళల్లో దొరికేది వాట్సాప్ ఫొటోనే. ఒరిజినల్ రెండు చోట్ల దాచండి.