పామాయిలు గింజచెక్క: ఆవుకు మేఁత, గొఱ్ఱెకు విషము

ఏలూరు జిల్లా పెదవేగి ప్రాంతమున పామాయిలు తోటలు విరివిగా నున్నవి. ఈ చెట్టు పండు గుజ్జునుండి ఒక నూనెయు, లోని గింజపప్పునుండి మఱియొక నూనెయు తీయుదురు. పప్పు ఆడించగా మిగిలిన చెక్కలో నూటికి 14 మొదలు 18 పాళ్లు మాంసకృత్తులు కలవు. వేరుసెనగచెక్కలో సుమారు 45 పాళ్లుండును. కావున మాంసకృత్తులకొఱకే కొనువారు, వేరుసెనగచెక్క వెలలో మూడవ వంతుకంటె దీనికి ఎక్కువ పెట్టరాదు.

ఇందు పీచును, చిప్పనలుసులును హెచ్చు. పశువులు తొలుత మూతి త్రిప్పుకొనును. గుప్పెడు చెక్కను తవుడులో కలిపి యారంభించి, రెండు మూడు వారములలో క్రమముగా పెంచవలెను. బూజుపట్టిన చెక్కను ఎంతమాత్రమును పెట్టకూడదు.

గొఱ్ఱెలుగల సభ్యులు ముఖ్యముగా గమనింపవలసిన సంగతి యొకటి కలదు. ఈ చెక్కలో రాగి యెక్కువ. ఆవులు, గేదెలు దానిని చాలవఱకు ఓర్చుకొనును. గొఱ్ఱెకు మాత్రము అది కాలేయమున పేరుకొనును. చాలకాలము ఏ జబ్బును పైకి కానరాదు. పిమ్మట హఠాత్తుగా కన్నులు పచ్చబడి, మూత్రము ఎఱ్ఱనై, గొఱ్ఱె చచ్చును. మలేషియాలో ఈ చెక్కను విశేషముగా మేపిన గొఱ్ఱెలకు ఇట్లే జరిగినది. కావున పశువుల కుడితితొట్టిని గొఱ్ఱెలకు అందనిచోట నుంచుడు; మిగిలిన దాణాను మందకు పోయకుడు.