బోరు నీటిలో కనిపించని విషం.. ఇనుముతో విరుగుడు!

వేసవి వచ్చిందంటే బోయిన్‌పల్లిలో చాలా ఇళ్లకు బోరే దిక్కు. నీళ్లు తేటగా ఉన్నాయి, టీడీఎస్ మీటర్ కూడా తక్కువే చూపిస్తోంది కాబట్టి భయం లేదనుకుంటున్నారా? ఆ మీటర్ చెప్పేది కరిగిన లవణాల గురించే. క్లోరిన్ కలిసిన రసాయన ద్రావకాలు నీటిలో ఉన్నా అది పట్టుకోలేదు.

ఏమిటీ ద్రావకాలు?

యంత్ర భాగాల గ్రీజు వదలగొట్టే ట్రైక్లోరోఇథిలీన్ (టీసీఈ), డ్రైక్లీనింగ్‌లో వాడే పెర్‌క్లోరోఇథిలీన్ ఈ కోవలోవే. ఇవి నీటికన్నా బరువు. నేల మీద ఒలికితే రాతి పగుళ్లలోకి దిగిపోయి, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా భూగర్భజలంలో కలుస్తుంటాయి. టీసీఈ మనుషుల్లో కిడ్నీ క్యాన్సర్‌కు కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లో తేల్చింది. కాలేయానికీ, నాడీ వ్యవస్థకూ ఇది చేటే. తాగునీటిలో లీటరుకు 5 మైక్రోగ్రాములు మించకూడదన్నది అమెరికా నిబంధన.

బోయిన్‌పల్లికి బాలానగర్, జీడిమెట్ల పారిశ్రామికవాడలు దగ్గరే. అలాగని ఇక్కడి బోర్లన్నీ చెడ్డవని కాదు. పరీక్ష చేయించకుండా మంచివనీ అనలేం. పరిశ్రమల వ్యర్థాలు నీళ్లలో కలిస్తే ఊళ్లకు ఊళ్లు ఎంత నష్టపోతాయో పటాన్‌చెరు-బొల్లారం చూపించింది. అక్కడి కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది.

తుప్పే మందు

ఇనుము తుప్పు పట్టేటప్పుడు ఎలక్ట్రాన్లను వదులుతుంది. వాటిని అందుకున్న టీసీఈ తనలోని క్లోరిన్‌ను వదిలేస్తుంది. చివరకు ఇథిలీన్, ఈథేన్ వంటి వాయువులు, మామూలు ఉప్పులో ఉండే క్లోరైడ్ మిగులుతాయి. 1991లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయ పరిశోధకులు భూగర్భజలం పారే దారికి అడ్డంగా ఇనుప రజనుతో గోడలాంటి అడ్డు కట్టి దీన్ని పరీక్షించారు.

అయితే మామూలు ఇనుము శక్తిలో చాలా భాగం నీటితో చర్యకే వృథా అవుతుంది. అందుకే దాన్ని నానో రేణువులుగా మార్చి, గంధకం పూత పూస్తున్నారు. దీంతో వృథా తగ్గి, ఇనుము ద్రావకం మీదే ఎక్కువగా పనిచేస్తుంది. పల్లాడియం పూత చర్యను వేగవంతం చేస్తుంది.

హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్. నీరు పగుళ్ల వెంట పారుతుంది కాబట్టి గోడ కట్టడం కష్టం. బోర్ల ద్వారా రేణువులను పంపాలన్నా ముందు ఆ పగుళ్ల దారి తెలియాలి. పైగా చర్య సగంలో ఆగితే వినైల్ క్లోరైడ్ అనే మరో క్యాన్సర్ కారకం మిగలొచ్చు. కాబట్టి ఇది నిపుణుల పని.

మీరేం చేయాలి?

* సంపులో ఇనుప మేకులు వేసి ప్రయోగాలు చేయకండి. తుప్పు నీళ్లే మిగులుతాయి.
* మరిగించడాన్నే నమ్ముకోవద్దు. ద్రావకం ఆవిరై వంటింటి గాలిలో కలుస్తుంది.
* గుర్తింపు పొందిన ల్యాబ్‌లో ‘వీఓసీ’ పరీక్ష అడగండి. ల్యాబ్ ఇచ్చిన సీసాలోనే గాలి బుడగ లేకుండా నీళ్లు పట్టండి.
* యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టర్ ఈ ద్రావకాలను పట్టి ఉంచుతుంది. గడువు దాటితే మాత్రం పనిచేయదు, మార్చాల్సిందే.
* అనుమానం ఉంటే ఫలితం వచ్చేదాకా తాగడానికి, వంటకు కుళాయి నీరే వాడండి.

పరీక్షలో ద్రావకాలు బయటపడితే కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేయండి. చుట్టుపక్కల వాళ్లకూ చెప్పండి. మీ బోరులోకి వచ్చే నీరే వాళ్ల బోర్లలోకీ చేరవచ్చు.