ఆ ఒక్క రోజు దొరికితే..

సీమంతం అయ్యి వారమైనా కాలేదు. అమ్మాయి పుట్టింటికి వచ్చింది. ఏడో నెల నడుస్తోంది. రాత్రి భోజనమయ్యాక నడుం లాగుతోందంది. కాసేపటికి పొట్ట గట్టిపడి వదులవుతోందంది. ‘మధ్యాహ్నం పులిహోర ఎక్కువ తిన్నావు, గ్యాసే అయ్యుంటుంది’ అంటూ అమ్మ వాము నీళ్లు ఇచ్చింది. పక్కనే ఉన్న పిన్ని ‘దొంగ నొప్పులు లేమ్మా, నాకూ ఇలాగే వచ్చేవి’ అంది. పొద్దున్నే ఆసుపత్రికి వెళ్దామనుకున్నారు. తెల్లవారేసరికి ఉమ్మనీరు పోయింది.

ఇది ఏ ఒక్కరి కథో కాదు. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఇలాంటి రాత్రి ఒకటి గడిచే ఉంటుంది. ఎవరినీ తప్పుపట్టలేం. దొంగ నొప్పులు నిజంగానే చాలామందికి వస్తాయి, వాటంతటవే తగ్గిపోతాయి. కానీ నొప్పి మొదలైనప్పటి నుంచి తెల్లవారే దాకా గడిచిపోయిన ఆ ఏడెనిమిది గంటలు లోపలి బిడ్డకు ఎంత విలువైనవో తెలిస్తే మీరు ఆ రాత్రే బండి తీస్తారు. ఎందుకంటే నెలలు నిండకుండా పుట్టబోయే బిడ్డను కాపాడే ఇంజెక్షన్ ఒకటుంది. ఖరీదు కొద్ది రూపాయలే. అది బాగా పనిచేయటానికి మాత్రం కాస్త టైమ్ కావాలి.

37 వారాలు నిండకముందే పుడితే నెలలు నిండని కాన్పు కింద లెక్క. 2020లో ప్రపంచవ్యాప్తంగా ఇలా పుట్టినవారు 1.34 కోట్ల మంది. వీరిలో సుమారు 30 లక్షల మంది మనదేశంలోనే పుట్టారు. ఏ దేశంలోనూ ఇంతమంది లేరు. మన దగ్గర దాదాపు ప్రతి ఎనిమిది మంది పిల్లల్లో ఒకరు ఇలా తొందరపడి వస్తున్నారన్నమాట.

తడిసిన కవరులా అతుక్కుపోయి..

ముందే పుట్టిన బిడ్డకు మొదటి గండం ఊపిరి. కడుపులో ఉన్నంతకాలం ఆక్సిజన్ మాయ ద్వారా అందుతుంది, ఊపిరితిత్తులకు పని ఉండదు. పుట్టిన క్షణం నుంచీ ఆ పని అవే చూసుకోవాలి. తడిసిన పాలిథీన్ కవరు పొరలు ఎలా అతుక్కుపోతాయో చూశారు కదా? ఊపిరితిత్తుల్లోని చిన్న చిన్న గాలిగదులూ అంతే. వాటి లోపల సబ్బు నురగ లాంటి పూత ఉంటేనే శ్వాస వదిలినప్పుడు మూసుకుపోకుండా తెరచుకుని ఉంటాయి. ఈ పూతే సర్ఫాక్టెంట్. ఇది సుమారు 24వ వారం నుంచి తయారవటం మొదలై, 34-35 వారాలకు గానీ సరిపడా ఏర్పడదు. మేరీ ఎలెన్ ఎవరీ అనే అమెరికా పిల్లల వైద్యురాలు 1959లో ఈ లోపాన్ని బయటపెట్టే వరకూ ఈ పసివాళ్లు ఊపిరాడక ఎందుకు చనిపోతున్నారో సరిగా తెలియదు.

తెలిసినా అప్పట్లో చేయగలిగింది పెద్దగా లేదు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీకి అయిదున్నర వారాలు ముందుగా మగబిడ్డ పుట్టాడు. పేరు పాట్రిక్. బరువు రెండు కిలోల పైనే. ఈ రోజుల్లో అయితే అంత బరువున్న బిడ్డను మంచి నవజాత శిశు విభాగంలో దాదాపు తప్పకుండా దక్కించుకుంటారు. అప్పుడు మాత్రం అగ్రరాజ్యాధినేత కొడుకైనా 39 గంటలకు మించి బతకలేదు.

అన్నట్టు, ‘ఏడో నెలలో పుడితే బతుకుతారు గానీ ఎనిమిదో నెలలో పుడితే కష్టం’ అని పెద్దవాళ్లు అంటుంటారు. ఊపిరితిత్తులకు ఇలాంటి లెక్కలేమీ తెలియవు. కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు లాభమే. ఎనిమిదో నెల ఏడో నెల కన్నా ఎప్పుడూ మెరుగే.

గొర్రెపిల్ల ఊపిరి పీల్చింది

దారి చూపింది న్యూజిలాండ్. ఆక్లాండ్‌లోని ప్రసూతి వైద్యుడు గ్రాహమ్ లిగ్గిన్స్ నిజానికి ఊపిరితిత్తుల గురించి వెతకలేదు. కాన్పు నొప్పులు అసలు ఎలా మొదలవుతాయన్నది ఆయన ప్రశ్న. గొర్రె కడుపులోని పిల్లలకు స్టిరాయిడ్ ఎక్కించి చూస్తే ఈనటం ముందే జరిగిపోయింది. దాదాపు నెల రోజులు ముందు పుట్టిన పిల్ల ఊపిరి తీయటం కూడా కష్టమే. అలాంటిది ఊపిరి పీలుస్తూ కనిపించింది! తర్వాత చనిపోయింది గానీ, కోసి చూస్తే ఊపిరితిత్తులు కొంతవరకు గాలితో తెరచుకుని ఉన్నాయి. స్టిరాయిడ్ వాటిని ముందుగానే పక్వానికి తెచ్చిందన్నమాట. 1969లో ఆయన ఈ సంగతి వెల్లడించారు.

అదే ఏడాది చివర్లో పిల్లల వైద్యుడు రాస్ హౌవీతో కలిసి లిగ్గిన్స్ గర్భిణుల మీద పరీక్ష మొదలుపెట్టారు. 1972లో ప్రచురించిన ఫలితాల్లో 282 మంది తల్లుల వివరాలున్నాయి. పుట్టిన తొలిరోజుల్లో మరణాలు మామూలు పిల్లల్లో 15 శాతం ఉంటే, తల్లికి ఇంజెక్షన్ ఇచ్చినవారిలో 3.2 శాతానికి తగ్గాయి. ఇంకో అంకె చూడండి. 32 వారాల లోపు పుట్టి, తల్లికి ఇంజెక్షన్ పడి కనీసం 24 గంటలు గడిచిన పిల్లల్లో తీవ్ర శ్వాస ఇబ్బంది 11.8 శాతం మందిలోనే కనిపించింది. ఇంజెక్షన్ పడని పిల్లల్లో ఇది 69.6 శాతం. ఆ 24 గంటలే మనకు ముఖ్యం.

బాధ కలిగించే విషయమేంటంటే, ఇంత స్పష్టంగా తేలాక కూడా డాక్టర్లు దీన్ని పెద్దగా వాడలేదు. మరికొన్ని పరీక్షలు జరిగాయి, ఒక్కోటీ చిన్నది కావటంతో ఎవరికీ నమ్మకం కుదరలేదు. అన్నింటినీ కలిపి లెక్కగట్టాక అనుమానం తీరిపోయింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ గట్టిగా సిఫార్సు చేసింది 1994లో. మధ్యలో ఇరవయ్యేళ్లకు పైగా గడిచిపోయాయి. వైద్య పరిశోధనలను గుదిగుచ్చి నిగ్గుతేల్చే కాక్రేన్ సంస్థ 1993లో పుట్టినప్పుడు తన లోగోలో పెట్టుకున్న గీతలు ఈ ఇంజెక్షన్ పరీక్షల ఫలితాలవే. ఉన్న సమాచారాన్ని వాడుకోకపోతే ఎంతమంది పసివాళ్లు పోతారో గుర్తుచేయటానికి.

మన దగ్గరికి వచ్చేసరికి

ఇంత మంచిదైతే ఊరూరా ఇచ్చేస్తే పోలా అనిపిస్తుంది. ఆ పనీ చేసి చూశారు. మన బెళగావి, నాగ్‌పుర్ ప్రాంతాలతో పాటు ఆరు దేశాల్లో చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2015లో వచ్చాయి. అందరూ నివ్వెరపోయారు. చిన్న పిల్లల్లో మరణాలు తగ్గలేదు సరికదా, మొత్తం మీద చూస్తే శిశు మరణాలు కాస్త పెరిగాయి! ఎన్నో వారమో కచ్చితంగా తెలియక, నెలలు నిండాక కన్న తల్లులు చాలామందికి కూడా ఇంజెక్షన్ పడింది. పుట్టాక చూసుకోవటానికి సరైన శిశు విభాగాలూ అన్నిచోట్లా లేవు.

దాంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ మళ్లీ పరీక్ష పెట్టింది. ఈసారి భారత్, బంగ్లాదేశ్, పాకిస్థాన్, కెన్యా, నైజీరియాల్లోని 29 ఆసుపత్రుల్లో 2,852 మంది గర్భిణులకు. స్కానింగ్‌తో వారాలు తేల్చుకుని, 26 నుంచి 34 వారాల లోపు వారికే, శిశు సంరక్షణ ఉన్నచోటే ఇచ్చారు. 2020లో వెలువడిన ఫలితం: శిశు మరణాలు 23.5 శాతం నుంచి 19.6 శాతానికి తగ్గాయి. అంటే 25 మంది తల్లులకు ఇస్తే ఒక పసిప్రాణం నిలిచినట్టు. మందు డెక్సామెథజోన్. అవును, కొవిడ్ రోజుల్లో మీరు విన్న పేరే.

మన ప్రభుత్వ మార్గదర్శకాలు 2014 నుంచే ఉన్నాయి. 24-34 వారాల మధ్య కాన్పు అయ్యేలా ఉంటే 6 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకు ఒకటి, మొత్తం నాలుగు ఇంజెక్షన్లు. మొదటిది పెద్దాసుపత్రికి పంపేముందే ఇవ్వొచ్చు. నాలుగూ పూర్తి కాకపోయినా ఎంతోకొంత మేలు జరుగుతుంది. కాబట్టి ‘ఎలాగూ టైమ్ లేదు కదా’ అని వదిలేయరు. తల్లికి మధుమేహం ఉంటే మాత్రం కొద్దిరోజులు గ్లూకోజు పెరుగుతుంది. ఆ విషయం డాక్టరుకు ముందే చెప్పాలి.

ఆ ఒక్క రోజు సంపాదించటానికి డాక్టర్ల దగ్గర నొప్పులను తాత్కాలికంగా ఆపే మందులూ ఉన్నాయి. రెండు రోజులు వాయిదా పడితే చాలు. కానీ అవి పనిచేయాలంటే గర్భసంచి ముఖద్వారం బాగా తెరచుకోకముందే మీరు అక్కడుండాలి. పొట్ట ఉండుండి గట్టిపడుతున్నా, నడుం కింది భాగం విడవకుండా లాగుతున్నా, కటి భాగంలో బరువు దిగుతున్నట్టున్నా, నీరులా కారుతున్నా, రక్తం కనిపించినా వాము నీళ్లు పక్కన పెట్టి బయల్దేరండి. దొంగ నొప్పులే అని తేలితే తిరిగి ఇంటికొచ్చి పడుకోవచ్చు. అంతకన్నా పోయేదేం లేదు. గతంలో ముందే కాన్పు అయినవారు, కవలలను మోస్తున్నవారు, రక్తపోటు ఉన్నవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ముహూర్తం కోసం కాదు

కొన్ని కుటుంబాలు దీన్ని మరోలా వాడుకోవాలని చూస్తున్నాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21లో తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. ‘36వ వారంలో మంచి ముహూర్తం ఉంది డాక్టరుగారూ, ఊపిరితిత్తులకు ఇంజెక్షన్ ఇచ్చి తీసేయండి’ అని అడిగేవాళ్లకు కొదవ లేదు. 34-36 వారాల మధ్య ఇచ్చి చూసిన అమెరికా అధ్యయనంలో శ్వాస సమస్యలు తగ్గినా, గ్లూకోజు పడిపోయిన పిల్లలు 15 నుంచి 24 శాతానికి పెరిగారు. కడుపులో ఉండగా ఈ మందు అంది, నెలలు నిండాకే పుట్టిన పిల్లల్లో మానసిక, ప్రవర్తన సమస్యలు కొంత ఎక్కువని ఫిన్లాండ్ పరిశోధకులు 2020లో గుర్తించారు. మందే కారణమని తేలలేదు, కానీ అవసరం లేనప్పుడు ఎందుకు? తల్లికీ బిడ్డకీ ఇబ్బందేమీ లేకపోతే ముహూర్తమేదో 39వ వారం తర్వాతే చూసుకోండి.

పుట్టింటికి వెళ్లేముందు

మనవాళ్లు నెలల్లో లెక్కిస్తారు, డాక్టర్లు వారాల్లో. ‘ఏడో నెల’ అంటే 27 వారాలా, 30 వారాలా? ఇంజెక్షన్ నిర్ణయమంతా దీని మీదే. మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగ్ వారాలను దాదాపు కచ్చితంగా చెబుతుంది. ఎనిమిదో నెలలో తీసింది రెండు మూడు వారాలు అటూఇటూ కావొచ్చు. మన దేశపు గర్భిణుల కొలతలతోనే వారాలు లెక్కగట్టే పద్ధతిని ఐఐటీ మద్రాస్, ఫరీదాబాద్‌లోని టీహెచ్ఎస్‌టీఐ శాస్త్రవేత్తలు రూపొందించారు కూడా. అయినా మీ చేతిలో ఉన్న మొదటి స్కానింగ్ రిపోర్టు విలువ తగ్గదు.

సీమంతం చీరలతో పాటు ఆ రిపోర్టు పెట్టెలో పడిందో లేదో చూడండి. పుట్టింటి ఊళ్లో నవజాత శిశు విభాగం ఏ ఆసుపత్రిలో ఉందో, రాత్రిళ్లు తెరిచి ఉంటుందో లేదో అల్లుడుగారో మామగారో ముందే కనుక్కోవాలి. జిల్లా ఆసుపత్రుల్లో ఇవి ఉంటాయి. పుట్టాక బిడ్డను అంబులెన్సులో తరలించటం కన్నా, కడుపులో ఉండగానే తల్లిని అక్కడికి చేర్చటం ఎంతో క్షేమం. దారిలో ఎక్కడైనా ఇంజెక్షన్ ఇస్తే మందు పేరు, తేదీ, టైమ్ కాగితం మీద రాయించుకోండి. తర్వాతి ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు మొదట అడిగేది అదే.