బదిలీల ఇంట్లో ఏ సైకిల్ కొనాలి?

బదిలీ ఆర్డరు వచ్చిందంటే చాలు, ఏ సామాను లారీ ఎక్కించాలి, ఏది ఇక్కడే అమ్మేయాలి అన్న లెక్క ఇంట్లో మొదలవుతుంది. మంచాలు, బీరువా, ఫ్రిజ్ తప్పకుండా ఎక్కుతాయి. మన సైకిల్ వంతు వచ్చేసరికి "అక్కడికెళ్లాక కొత్తది కొందాంలే" అంటారు. ఆ 'వెళ్లాక' ఎన్ని నెలలు పడుతుందో మనకు బాగా తెలుసు. అందుకే మూడు నాలుగు ఊళ్లు తిరిగినా మనతో ఉండే సైకిల్‌నే మొదట కొనుక్కోవాలి. నా ఓటు స్టీలు ఫ్రేము ఉన్న మౌంటెన్ బైక్‌కి.

మౌంటెన్ బైక్ పుట్టిందే స్టీలుతో. 1970లలో అమెరికాలో, కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రాళ్లు కొందరు 1930, 40ల నాటి బరువైన పాత సైకిళ్లను కొండల మీదికి తీసుకెళ్లి, మట్టిదారిలో కిందికి దూసుకొచ్చేవారు. ఆ సైకిళ్లకు పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉండేది. ఒక్కసారి కొండ దిగేసరికి వెనక హబ్బు వేడెక్కి, లోపలి గ్రీజు పొగై పోయేది. మళ్లీ గ్రీజు నింపుకోవాల్సి వచ్చేది. అందుకే 1976లో మొదలైన వాళ్ల పందేనికి 'రీప్యాక్' అని పేరు వచ్చింది. మరుసటి ఏడాది జో బ్రీజ్ అనే ఆయన క్రోమియం, మాలిబ్డినం కలిసిన స్టీలు గొట్టాలతో ప్రత్యేకంగా ఈ పని కోసమే కొత్త ఫ్రేము తయారుచేశాడు.

మరి ఇప్పుడు దుకాణంలో అల్యూమినియం ఫ్రేములు తళతళలాడుతుంటే స్టీలు ఎందుకు? బరువులో అల్యూమినియందే పైచేయి, ఒప్పుకోవాలి. ఒకే పరిమాణం తీసుకుంటే స్టీలు దానికి దాదాపు మూడు రెట్లు బరువు. అయితే పదకొండో తరగతి అన్నయ్యలను, అక్కయ్యలను యంగ్స్ మాడ్యులస్ గురించి అడగండి. స్టీలుకు సుమారు 200, అల్యూమినియానికి సుమారు 70 గిగాపాస్కల్స్ అని చెబుతారు. అంటే సాగకుండా, వంగకుండా నిలవడంలో కూడా స్టీలు మూడు రెట్ల దిట్ట. అందుకే స్టీలు ఫ్రేము గొట్టాలు సన్నగా ఉంటాయి, అల్యూమినియంవి లావుగా ఉంటాయి.

అసలు తేడా ఇంకొకటి ఉంది. ఒక తీగను అటూ ఇటూ పదేపదే వంచితే చివరికి తెగుతుంది కదా? లోహం అలసిపోతుందన్నమాట. ఒక హద్దు దాటని చిన్న చిన్న కుదుపులను స్టీలు ఎన్ని లక్షలసార్లైనా భరిస్తుంది. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. ప్రతి కుదుపూ ఎంతో కొంత దాని ఖాతాలో పడుతూనే ఉంటుంది. కాబట్టి దాని ఫ్రేమును అవసరానికి మించిన బలంతో కడతారు. బాగా కట్టిన అల్యూమినియం ఫ్రేము కూడా ఏళ్లపాటు ఉంటుంది, అందులో అనుమానం లేదు. కానీ లారీలో బీరువా తగిలి వంగినా, అతుకు దగ్గర పగిలినా చిన్న ఊళ్లో దాన్ని బాగుచేయించడం కష్టం. దానికి ఆర్గాన్ వాయువుతో చేసే వెల్డింగ్ కావాలి, తర్వాత మళ్లీ సరైన పద్ధతిలో వేడిచేయాలి. మామూలు స్టీలు ఫ్రేముకైతే దాదాపు ఏ ఊళ్లోనైనా అతుకు వేసేవాళ్లు దొరుకుతారు. ముందు ఫోర్కు పగిలితే మాత్రం ఏ లోహమైనా సరే అతికించవద్దు, మార్చేయండి. అది విరిగితే పడేది మన ముఖం మీదే.

దుకాణానికి వెళ్లేటప్పుడు ఫ్రిజ్ మీది అయస్కాంతం బొమ్మ ఒకటి జేబులో వేసుకోండి. ఫ్రేముకు అంటుకుంటే స్టీలు, జారిపోతే అల్యూమినియం. స్టీలులో 'హై టెన్' అని రాసి ఉండేది చవక, కొంచెం బరువు. 'క్రోమోలీ' అంటే జో బ్రీజ్ వాడిన రకం. గొట్టాల గోడలు పలచగా ఉన్నా బలం తగ్గదు, ధర మాత్రం ఎక్కువ. బడికీ, కాలనీకీ, సెలవుల్లో మట్టిదారికీ హై టెన్ సరిపోతుంది.

ఇక సైజు. '26' అని రాసి ఉండేది చక్రం కొలత, ఫ్రేముది కాదు. ఒకే 26 చక్రానికి చిన్న ఫ్రేము ఉంటుంది, పెద్దదీ ఉంటుంది. పై గొట్టానికి రెండువైపులా కాళ్లు పెట్టి నేల మీద నిలబడండి. గొట్టానికీ మీకూ మధ్య రెండు మూడు అంగుళాల ఖాళీ ఉండాలి. "ఎలాగూ పొడుగవుతాడు కదా" అని నాన్నగారు పెద్దది చూపిస్తే మర్యాదగానే వద్దనండి. కాలు అందని సైకిల్‌ను సమయానికి ఆపలేం. సీటును మాత్రం పైకి జరుపుకుంటూ పోవచ్చు, సీటు కడ్డీ మీద ఉన్న గీత బయటికి కనపడనంతవరకే.

గేర్లు ఎక్కువైతే గొప్ప అనుకోకండి. 21 గేర్లలో చాలావరకు ఒకదానికొకటి దగ్గరగానే ఉంటాయి. షిల్లాంగ్‌లాంటి కొండ ఊళ్లో గేర్లు కావాలి, జోధ్‌పూర్ మైదానంలో ఒక్క గేరు చాలు. రెండూ చూడబోయే మనకు వెనక మాత్రమే ఏడు గేర్లున్నది నప్పుతుంది. చవక సైకిళ్లకు సీటు కింద పెట్టే స్ప్రింగు చూడ్డానికి మోటారు సైకిల్‌లా ఉంటుంది కానీ, బరువు పెంచి, మన కాలి బలంలో కొంత తినేస్తుంది. బ్రేకు విషయంలో ఒకటే ప్రశ్న: దాని రబ్బరు, వైరు పక్క వీధిలో దొరుకుతాయా?

స్టీలుకు శత్రువు తుప్పు. విశాఖలోనో, కొచ్చిలోనో, పోర్ట్ బ్లెయిర్‌లోనో ఉప్పుగాలికి తుప్పు గొట్టాల లోపలి నుంచి మొదలవుతుంది, పైకి రంగు బాగానే కనిపిస్తుంది. ఏడాదికోసారి సీటు కడ్డీ పైకి లాగి, గొట్టంలోకి కొంచెం నూనె పోసి, కడ్డీకి గ్రీజు రాసి మళ్లీ దింపండి. రంగు లేచిన చోట గోళ్ల రంగు పూసినా చాలు, అమ్మను అడిగి తీసుకుంటే మంచిది.

లారీ ఎక్కించే ముందు పెడళ్లు విప్పాలి. ఇక్కడే చాలామంది తికమక పడతారు. ఎడమ పెడల్ మర ఉల్టాగా ఉంటుంది, తొక్కుతుంటే ఊడిపోకుండా. ఏ వైపైనా స్పానర్‌ను పైకి నిలబెట్టి సైకిల్ వెనకవైపుకు తిప్పితే పెడల్ వస్తుంది. పెడళ్ల ఇరుసు కింద చెక్కి ఉండే నంబరును ఒక కాగితం మీద రాసి, బిల్లుతో పాటు దాచండి. ముందు చక్రం కూడా విప్పితే, ఫోర్కు రెండు కొసల మధ్య సరిపడా చెక్కముక్క పెట్టి గట్టిగా కట్టండి. పైన ఎవరి ట్రంకు పెట్టె పడ్డా కొసలు లోపలికి వంగవు.